మాట చాటు మనిషి: డబ్లిన్ ఉదాహరణగా ఆంగ్లాలంకారాలు

అలంకారాలు అనగానే మనవారిలో చాలామందికి పరీక్ష గుర్తుకు వస్తుంది. బడిలో ఇంగ్లీషు చదివే పిల్లలు సిమిలీ, మెటఫర్, ఐరనీ అని ఒక పట్టీ కంఠస్థం చేస్తారు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉదాహరణ రాసి మార్కులు తెచ్చుకుంటారు. పరీక్ష అయిన మర్నాడే మరచిపోతారు. మన సభల్లో తెలుగు నేర్చుకునే పిల్లలదీ ఇదే వరస: ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష అని వల్లించి ఊరుకుంటారు. అలంకారం అంటే నగ గదా, నగ లేకపోయినా మనిషి ఉంటాడు గదా, కాబట్టి ఇది తీరిక ఉన్నవారి చదువు అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించము. మన తాతముత్తాతలు తమకు రాని భాషలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కినవారు. ఆ కాగితంలో ఏ మాట ఏ పని చేసిందో వారికి తెలియదు, చెప్పినవారూ లేరు. ఇంగ్లీషు రాతలో మాట ఏ వేషం వేసుకొని వస్తుందో తెలుసుకోవడం ఇతరులకు సాహిత్య విద్య అయితే కావచ్చు. మనకు మాత్రం అది పాత బాకీ పద్దు సరిచూసుకోవడం వంటిది.

ముందు పేర్ల సంగతి చెప్పుకుందాము. ఇంగ్లీషువారి అలంకారాలు మనకు పరాయివి కావు. సిమిలీ మన ఉపమ, మెటఫర్ మన రూపకం, హైపర్బొలీ మన అతిశయోక్తి, పన్ మన శ్లేష. జవాబు కోరని ప్రశ్నను వారు రెటారికల్ క్వశ్చన్ అంటారు. అందులో అర్థాన్ని తిరగవేసే గొంతు మార్పును మనవారు కాకువు అన్నారు. ఐరనీకి వ్యాజస్తుతి దగ్గరి చుట్టం, కాని ఐరనీ పరిధి పెద్దది. పాదం మొదటి అక్షరాన్ని నడిమి అక్షరంతో కలిపే మన యతికీ, ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలను పేర్చే వారి ఎలిటరేషన్‌కూ పోలిక ఉంది. ప్రాచీన ఇంగ్లీషు పద్యం అంత్యప్రాస మీద కాక ఇటువంటి ఆద్యక్షర మైత్రి మీదనే నడిచేది. ఓరుగల్లులో విద్యానాథుడు ప్రతాపరుద్రుని పేర సంస్కృతంలో ప్రతాపరుద్రీయం రాశాడు. తెలుగులో విన్నకోట పెద్దన కావ్యాలంకారచూడామణి కూర్చాడు. ఇన్ని శతాబ్దాల ఆస్తి ఉన్నవారి మనుమలు ఇంగ్లీషు అలంకారాల ముందు బిక్కమొహం వేయనక్కరలేదు.

మన శాస్త్రం ఇచ్చిన అసలు పనిముట్టు ఇంకొకటి ఉంది. మాటకు మూడు శక్తులని వారు అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేది అభిధ. ఒకదాని పేరుతో దాని సంబంధి అయిన మరొకదాన్ని చెప్పేది లక్షణ; "ఊరంతా తిరునాళ్ళకు వెళ్ళింది" అంటే ఊళ్ళోని మనుషులు వెళ్ళారని గదా. పైకి చెప్పకుండా తోపించేది వ్యంజన. దీనినే 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వని అని కావ్యానికి ప్రాణంగా నిలబెట్టాడు. ఇంగ్లీషు బడి పట్టీలో అలంకారం పేరు చెబితే పని అయిపోతుంది. మన పద్ధతిలో పేరు చెప్పడంతో పని మొదలవుతుంది: మాట ఏమి చెప్పింది, ఎక్కడికి జరిగింది, ఏమి తోపించి ఊరుకుంది? ఈ మూడు ప్రశ్నలతో ఒక ఊరిని చదివి చూద్దాము.

ఆ ఊరు అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని డబ్లిన్. కాలిఫోర్నియాలో మరో డబ్లిన్ ఉంది, అది వేరు. ఈ డబ్లిన్ కొలంబస్ నగరాన్ని ఆనుకొని ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో దీని జనం 49,328. ఇక్కడ మన తెలుగువారు చాలామంది ఉన్నారు. అయితే వారు మన వలె చెరకుతోటలకు రాలేదు. కంప్యూటరు ఉద్యోగాలకు, విమానం మీద, తాము చదివి సంతకం చేసిన కాగితంతో వచ్చారు. వారిదీ మనదీ ఒకటే గోదావరి ఒడ్డు కావచ్చుగాని ఒకటే రేవు కాదు. ఈ ఊరిని ఎంచుకోవడానికి కారణం, ఇక్కడ ఇంగ్లీషు అలంకారాలు పుస్తకంలో కాక నేల మీద నిలబడి ఉండడం.

మొదటిది ఒక పేరు. ఈ నేల ఒకప్పుడు వయండాట్ అనే ఆదివాసి జాతి తిరిగినది. వారి పెద్దలలో ఒకరి పేరు షటేయరోన్యా. తెల్లవారు ఆయనను లెదర్‌లిప్స్ అన్నారు, అనగా తోలు పెదవులవాడు. ఇచ్చిన మాట తప్పనివాడు, తోలు చినగనట్టు ఆయన మాటా చినగదు అని అర్థం చెబుతారు. రూపకం చక్కనిది, మెచ్చుకోలుగా పెట్టినది. ఇక రెండవ ప్రశ్న అడుగుదాము: మాట ఎక్కడికి జరిగింది? ఒక మనిషి మొత్తం రెండు పెదవులుగా కుదించుకుపోయాడు. మూడవ ప్రశ్న: ఏమి తోపించి ఊరుకుంది? మాట తప్పలేదంటే ఎవరికి ఇచ్చిన మాట? కొత్తగా వచ్చి నేల పంచుకుంటున్న తెల్లవారితో ఆయన సఖ్యంగా ఉన్నాడు. ఆ సఖ్యం గిట్టని స్వజాతివారే ఆయనపై చేతబడి నేరం మోపి 1810 జూన్ 1న చంపివేశారు. మెచ్చి పేరు పెట్టినవారు ఆ మాట వల్ల మేలు పొందినవారే. బిరుదు ఇచ్చినవాడి గొంతు బిరుదులో వినబడుతూ ఉంటుందని మన ఆస్థానకవుల కాలం నుండీ మనకు తెలుసు.

అదే 1810లో ఇక్కడి నేలను సర్వే చేసిన జాన్ షీల్డ్స్ తాను పుట్టిన ఐర్లండు నగరం పేరే ఈ ఊరికి పెట్టాడు. 1843లో వయండాట్లు ఒహైయో విడిచి పడమటికి పోవలసివచ్చింది. 1990లో ఊరివారు సయోటో నది దగ్గరి పార్కులో షటేయరోన్యా తలను పన్నెండు అడుగుల ఎత్తున సున్నపురాతి పలకలు పేర్చి కట్టించారు. శిల్పి రాల్ఫ్ హెల్మిక్. పిల్లలు ఆ తల మీదికి ఎక్కి దూరం చూస్తారు. శిల్పం గొప్పదే, రాతిపొరలను చూస్తే నేలే మనిషై లేచినట్టు ఉంటుంది. మనవారు దీనిని ఉత్ప్రేక్ష అంటారు. అయినా దాని పేరు మాత్రం ఇప్పటికీ లెదర్‌లిప్స్. ఈ ఊరి పక్కనున్న మహానగరం ఎవరి పేరు పెట్టుకున్నదో ఆ కొలంబసే దారి తప్పి వచ్చి ఇక్కడివారిని ఇండియన్లు అన్నాడు. ఒక తప్పు పేరు కింద రెండు జాతులు నిలబడ్డాయి, వారూ మనమూ.

రెండవది ఒక పొలం. 1994లో మాల్కం కోక్రన్ అనే శిల్పి 109 కాంక్రీటు మొక్కజొన్న పొత్తులను, ఒక్కొక్కటి మనిషంత ఎత్తున, వరుసలు తీర్చి నిలబెట్టాడు. ఆ చోటు శామ్ ఫ్రాంట్జ్ అనే రైతు పొలం. ఆయన ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంతో కలిసి సంకరజాతి మొక్కజొన్న పండించినవాడు. ఊరివారిలో కొందరు దీన్ని వేళాకోళంగా కార్న్‌హెంజ్ అంటారు, ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ రాళ్ళను తలపిస్తూ. ఇక్కడ ఒక శ్లేష ఉంది. మొక్కజొన్న పొత్తును ఇంగ్లీషులో ఇయర్ అంటారు, చెవినీ ఇయర్ అనే అంటారు. రెండూ ఒకే మాట అనుకొని చాలామంది దీన్ని రూపకంగా వివరిస్తారు. కాని ఆ రెండు మాటల పుట్టుక వేరు; కాలక్రమాన ధ్వని కలిసిపోయింది. రూపకానికీ శ్లేషకూ తేడా ఇక్కడే పిల్లలకు చెప్పవచ్చు: రూపకంలో వస్తువులు పోలుతాయి, శ్లేషలో మాటలు పోలుతాయి.

ఈ కాంక్రీటు పొలాన్ని చూస్తే మాకు మెప్పూ కలిగింది, కొంత బెంగా కలిగింది. పంట పోయి ఆఫీసులు వచ్చిన చోట పంటను తలచుకోవడం మంచిదే. తెల్లని పొత్తులు వరుస తప్పకుండా నిలబడితే సమాధిరాళ్ళ తోపు వలె ఉంటుంది. ఆ ధ్వనిలోనే శిల్పం బలం ఉన్నది. అయితే స్మారకం పొత్తులకు నిలిచింది. కోసిన చేతులు అందులో లేవు. మన ద్వీపాలలో పాత చక్కెర మిల్లుల పొగగొట్టాలను చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. గొట్టం నిలిచింది, గొట్టం కింద పనిచేసినవాడి పేరు ఎక్కడా లేదు.

చేతులు అన్నాము గనుక ఆ మాటనే పట్టుకుందాము. ఇంగ్లీషులో పనివాళ్ళను హ్యాండ్స్ అంటారు. అవయవం పేరుతో మనిషిని చెప్పే ఈ పద్ధతికి వారి పేరు సినెక్డకీ. మనకూ ఉన్నది. "ఆ ఇంట్లో తినే నోళ్ళు పది" అంటాము. తినే నోళ్ళంటే మోయవలసిన బాధ్యత కనబడుతుంది, చేతులంటే రావలసిన పని కనబడుతుంది. చార్లెస్ డికెన్స్ 1854లో వచ్చిన హార్డ్ టైమ్స్ నవలలో ఈ వాడుకను బాగా ఎత్తిపొడిచాడు: ఈ కూలివాళ్ళకు దేవుడు చేతులు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే కొందరికి ఎంత హాయిగా ఉండేదో అన్న అర్థం వచ్చేట్టు రాశాడు. అలంకారాన్ని అలంకారంతోనే విప్పడం అంటే అది. చేతుల వెనుక మనిషిని చూడగలిగిన ఇంగ్లీషు రచయితలు ఉన్నారని మనం మరువరాదు.

ఇప్పుడు మన పేర్లకు వద్దాము. కూలి అనే మాట పుట్టుక మీద పండితులలో భేదాభిప్రాయాలు ఉన్నాయి. గుజరాతులోని కోళీ జాతి పేరు నుండి వచ్చిందనేవారూ ఉన్నారు. తెలుగు తమిళాలలో మాత్రం కూలి అంటే పనికి ఇచ్చే డబ్బు. పనిచేసేవాడు కూలివాడు. ఇంగ్లీషులో ఆ 'వాడు' రాలిపోయి, డబ్బు పేరే మనిషి పేరయింది. ఇది లక్షణ. మారిషస్‌లో తెలుగువారిని కోరింగీలు అన్నారు; గోదావరి నోట ఉన్న కోరంగి రేవు పేరే మనుషుల పేరయింది. ఇదీ లక్షణే. ఫిజీలో ఎగ్రిమెంటు అనే మాట మనవారి నోట నలిగి గిర్మిట్ అయింది, ఆ కాగితం మీద వచ్చినవాడు గిర్మిటియా అయ్యాడు. ఇదీ లక్షణే. కాని మూడింటికీ తేడా గమనించండి. మొదటిదాన్ని యజమాని పెట్టాడు, రెండవది ఓడరేవు పెట్టింది, మూడవదాన్ని మనవారు తామే చేసుకున్నారు. నోరు తిరగని పరాయి మాటను తమ నోటికి అనువుగా నమిలి, దానితో తమ బతుకు మొత్తానికి పేరు పెట్టుకున్నారు. అక్షరం రానివారు కల్పించిన ఈ అలంకారం ఏ కవి కల్పనకూ తీసిపోదని మా అభిప్రాయం.

ఆ ఎగ్రిమెంటుకు ఇంగ్లీషులో అసలు పేరు ఇండెంచర్. దీని లోపల పన్ను అనే అర్థం దాగి ఉంది. పూర్వం ఒప్పందాన్ని ఒకే తోలు మీద రెండుసార్లు రాసి, నడుమ పళ్ళ వంపుగా కత్తిరించి, చెరొక ముక్క ఉంచుకునేవారు. రెండు ముక్కల పళ్ళు కలిస్తే ఒప్పందం నిజమైనదని గుర్తు. ఇరువైపులా సమానులున్నారన్న భావం ఆ మాటలోనే ఉన్నది. మన పెద్దల విషయంలో రెండవ ముక్క చదవగలిగినవాడు లేడు. అలంకారం చచ్చిపోయి మాట మిగిలింది. ఇటువంటివాటిని ఇంగ్లీషు విమర్శకులు మృత రూపకాలు అంటారు. ప్లాంటేషన్ కూడా అటువంటిదే. చెరకు నాటిన తోటకు ఆ పేరు రాకముందు, మనుషులను ఒక దేశం నుండి తెచ్చి మరో దేశంలో నాటడానికి ఆ పేరు ఉండేది. 1609లో మొదలైన అల్‌స్టర్ ప్లాంటేషన్‌లో ఐర్లండు ఉత్తరభాగాన నాటబడినవారు ఇంగ్లండు, స్కాట్లండు జనం, పెరికివేయబడినవారు ఐరిషువారు. మనుషులను నాటి, తరువాత మొక్కలను నాటి, ఆ మొక్కల కోసం మళ్ళీ మనుషులను నాటారు. ఈ మాట చరిత్ర తెలిస్తే ఐర్లండు పేరు పెట్టుకున్న డబ్లినూ మన తోటలూ అంత దూరమైనవి కావని తోస్తుంది.

ఇక క్రియాపదం సంగతి. ఇంగ్లీషు ఆఫీసు రాతకు కర్మణి ప్రయోగం ప్రాణం. ఫలానావాడు శిక్షింపబడెను, జీతము కోయబడెను అని రాస్తే శిక్షించినవాడు, కోసినవాడు వాక్యం నుండి తప్పుకుంటారు. మారిషస్‌లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఉండేది. దాని పేరు డబుల్ కట్. ఆ పేరులోనూ కత్తి ఉందిగాని పట్టుకున్న చెయ్యి లేదు. ఒప్పందం ముగించుకున్నవాడు పాతికేళ్ళవాడైనా సర్కారు లెక్కలో ఓల్డ్ ఇమిగ్రెంట్. తోటను విడిచి సొంతంగా బతుకుదామని తిరిగితే వేగ్రెంట్, అనగా దిమ్మరి. 1867 చట్టం వచ్చాక ఫొటో అంటించిన టిక్కెట్టు దగ్గర లేకపోతే అరెస్టు. మాట మారినప్పుడల్లా మనిషి హోదా మారింది.

ఇక్కడ తెలుగు నిర్దోషి అని మేము చెప్పబోము. దెబ్బలు తిన్నాడు అంటాము. అన్నం తిన్నట్టే దెబ్బలూ తిన్నవాడు కర్తగా కనబడతాడు, కొట్టినవాడు కనబడడు. భారతంలో ధర్మరాజంతటివాడు అశ్వత్థామ మాటను పైకి అని, ఏనుగు మాటను గొణిగాడు. చెడును మంచి మాటతో చెప్పే అలవాటూ మనకు ఉంది. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాము. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాము. మశూచి వస్తే అమ్మవారు పోసింది అన్నారు మన అవ్వలు. ఇంగ్లీషువారు దీన్ని యూఫెమిజం అంటారు. మరి అవ్వ మాటకూ ఆఫీసు మాటకూ తేడా లేదా? ఉన్నది. అవ్వ చెప్పే మాట వెనుక ఖాళీ డబ్బా అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఎవరినీ మోసగించడానికి అన్న మాట కాదది, భయానికీ ఆశకూ అన్నది. ఆఫీసు మాట ఖాళీ డబ్బాను చూడని దూరపువాడి కోసం రాసినది. బానిసత్వం రద్దయ్యాక మారిషస్‌కు కూలీలను తెచ్చిన ఏర్పాటును మహాప్రయోగం అన్నారు. ప్రయోగం అంటే లండనులో చదివేవాడికి విజ్ఞానశాల కనబడుతుంది, ఓడ అడుగు కనబడదు. ఎవరి కోసం రాశారన్న ప్రశ్న వేస్తే యూఫెమిజంలో మంచీ చెడూ వేరుపడతాయి.

ఇంగ్లీషు రాతను అనుమానించడం నేర్పి ఊరుకుంటే అది సగం చదువే. మొదటి డబ్లిన్‌లో పుట్టిన జొనాథన్ స్విఫ్ట్ 1729లో ఎ మాడెస్ట్ ప్రపోజల్ అనే చిన్న పుస్తకం పేరు లేకుండా అచ్చువేశాడు. ఐర్లండు బీదరికం తీరే ఉపాయం చెబుతానని పెద్దమనిషి తరహాలో వినయంగా మొదలుపెడతాడు. బీదల బిడ్డలు 1,20,000 మంది ఉన్నారని లెక్క వేస్తాడు. 20,000 మందిని సంతానవృద్ధికి ఉంచి, మిగిలిన లక్షమందిని ఏడాది నిండగానే ధనికుల భోజనానికి అమ్మవచ్చునంటాడు. కోపపు మాట ఒక్కటీ ఉండదు. అంకెలూ, ధరలూ, లాభాలూ మాత్రమే ఉంటాయి. చదివేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. ఇది ఎవరి గొంతు అని వెదికితే మనుషులను తలల లెక్కన రాసే భూస్వామి గొంతు, సర్కారు గొంతు అని తెలుస్తుంది. దీనిని వ్యాజస్తుతి అని సరిపెట్టలేము. వ్యాజస్తుతిలో ఒక మెచ్చుకోలు తిట్టుగా మారుతుంది. ఇక్కడ ఒక లెక్కల భాష మొత్తం తనను తానే తిట్టుకుంటుంది. మన పెద్దల కాగితాలలో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు అనే గళ్ళు చూసినవారు స్విఫ్టును చదివితే వారికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇంగ్లీషు మనకు పనికివచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1871లో మారిషస్‌లో నూవెల్ దెకూవెర్త్ తోటను నడిపిన ఆడాల్ఫ్ ద ప్లెవిట్స్, 9,401 మంది ఓల్డ్ ఇమిగ్రెంట్ల తరఫున గవర్నరుకు మహజరు పంపాడు. దాని ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చి, 1875లో నివేదిక ఇచ్చింది. కష్టాన్ని పూలమాటల్లో చెప్పినందువల్ల అది జరగలేదు. కర్తను వాక్యంలోకి తెచ్చి, ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పినందువల్ల జరిగింది. 1974లో హ్యూ టింకర్ మన చరిత్ర రాసి దానికి కొత్తరకం బానిసత్వం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ మాట ఆయన సొంతం కాదు, 1840లో బ్రిటిషు మంత్రి లార్డ్ జాన్ రసెల్ తానే భయపడుతూ రాసిన మాట. దొర మాటను దొర రాజ్యం మీదికే తిప్పిన పేరు అది. 2013లో గయానాలో పుట్టిన గయుత్ర బహదూర్ తన ముత్తవ్వ కథకు కూలీ వుమన్ అని పేరు పెట్టినప్పుడు తిట్టు తలెత్తి నిలబడింది. ఒకే మాట, పట్టుకున్న చెయ్యి మారింది.

తిరిగి డబ్లిన్ దగ్గర ఒక మాట మిగిలింది. అక్కడ ప్రతి ఆగస్టు మొదటి వారాంతంలో ఐరిష్ ఉత్సవం జరుగుతుంది. ఊరివారి నినాదం, ఐరిష్ అన్నది ఒక వైఖరి అని. నెత్తురుతో, భాషతో పనిలేదు, మనసు ఉంటే చాలునన్నమాట. నినాదంగా చక్కగా కుదిరింది, అందరినీ లోపలికి పిలుస్తుంది. కాని మన శాస్త్రం చెప్పిన మూడవ ప్రశ్న వేద్దాము: ఏమి తోపించి ఊరుకుంది? వైఖరి చాలునంటే ఆకలి, వలస, పోగొట్టుకున్న భాష, ఇవన్నీ మెత్తగా పక్కకు తప్పుకుంటాయి. మనలో కొందరు తెలుగుతనం కూడా ఒక వైఖరేనని అనబోతారు. ఇంట్లో క్రియోలో, ఇంగ్లీషో, ఫిజీ హిందీయో మాట్లాడుతూ ఉగాదికి పచ్చడి చేసుకుంటే చాలునంటారు. వారిని మేము తప్పు పట్టము. నోట మాట పోయిన ఇళ్ళల్లో ఆచారమే ఆ దీపాన్ని కాచింది. అయితే వైఖరి అనే మాటతో తృప్తి పడితే పోయినదాని లెక్క మూతపడుతుంది. తెలుగు మన వైఖరి మాత్రమే అయితే, ఎందుకు అంతమాత్రమే మిగిలిందో చెప్పే వాక్యం ఒకటి పక్కన ఉండాలి, కర్తతో సహా.

కాబట్టి మన సభల పెద్దలకు ఒక మనవి. పిల్లలకు అలంకారాలు చెప్పేటప్పుడు పాఠ్యపుస్తకపు ఉదాహరణలతోపాటు, ఇంట ఉన్న పాత పాసు నకలును, తోట పేరు రాసిన రసీదును, ఊరి స్మారకం మీది పలకను ముందు పెట్టండి. ఏ మాట మనిషికి బదులు నిలబడింది, ఏ వాక్యంలో చేసినవాడు లేడు, ఈ రాత ఎవరు చదవడానికి రాశారు అని అడగండి. జవాబు తెలుగులో చెప్పగలిగితే తెలుగులో, లేకపోతే వారికి వచ్చిన భాషలోనే చెప్పనివ్వండి. చెప్పినదాన్ని ఒక పుస్తకంలో రాసిపెట్టండి, రాసినవాడి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా.